తలకు తొడిగే మెగ్ స్కానర్: హెల్మెట్ కన్నా ముందు గదిని చూడండి

సెర్కా మాగ్నెటిక్స్ అనే బ్రిటిష్ కంపెనీ వాళ్ల ఓపీఎం-మెగ్ (మెదడు పుట్టించే అయస్కాంత క్షేత్రాన్ని తల బయటి నుంచి కొలిచే స్కానర్) గురించి ఎక్కడ ఫొటో వచ్చినా అందులో హెల్మెట్టే కనిపిస్తుంది. త్రీడీ ప్రింటర్‌లో తయారైన జాలీ టోపీ, దాని నిండా రెండున్నర సెంటీమీటర్ల పొడవు కూడా లేని సెన్సార్లు, వెనక్కి జారే కేబుళ్ల గుత్తి. అది పెట్టుకుని ఒక పిల్లవాడు ఆడుకుంటుంటే వాడి మెదడులో జరిగేది మిల్లీసెకన్ల లెక్కన రికార్డవుతూ ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఈ పరికరం బరువులోనూ, ఆక్రమించే చోటులోనూ, తెచ్చిపెట్టే తలనొప్పుల్లోనూ సింహభాగం ఫొటోలో పడని గదిది, బయటి అయస్కాంత క్షేత్రాలను అడ్డుకునే గదిది. ఏ విశ్వవిద్యాలయమైనా ఆసుపత్రయినా దీన్ని తెప్పించుకోవాలనుకుంటే లెక్క గది దగ్గర మొదలుపెట్టాలి.

ఇది ఒక కంపెనీ ఒంటిచేత్తో చేసిన వస్తువు కాదు. ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో సర్ పీటర్ మాన్స్‌ఫీల్డ్ ఇమేజింగ్ సెంటర్ ఉంది. ఎంఆర్ఐకి 2003లో నోబెల్ పంచుకున్న ఇద్దరిలో మాన్స్‌ఫీల్డ్ ఒకరు, ఆయన పనిచేసింది అక్కడే. ఆ సెంటర్ బృందం, యూనివర్సిటీ కాలేజ్ లండన్ బృందం కలిసి 2018లో నేచర్ పత్రికలో తొడుక్కునే మెగ్‌ను చూపించాయి. ఆనాటి నమూనా బరువు 905 గ్రాములు. అది పెట్టుకున్న మనిషి తల ఊపాడు, టీ తాగాడు, బ్యాటుతో బంతి కొట్టాడు. సెన్సార్లు అమెరికాలో కొలరాడో రాష్ట్రం లూయిస్‌విల్‌లో ఉన్న క్యూస్పిన్ వాళ్లవి. గది కట్టేది కెంట్‌లోని మాగ్నెటిక్ షీల్డ్స్ లిమిటెడ్. గదిలో మిగిలే అయస్కాంత క్షేత్రాన్ని సున్నా చేసే కాయిళ్ల డిజైను, డేటా లెక్కలు విశ్వవిద్యాలయంలో పుట్టినవి. వీటన్నిటినీ ఒకే బిల్లు కిందికి తెచ్చి అమ్మడానికి 2020లో సెర్కా ఏర్పడింది. ఇలా ఒక్కో భాగం ఒక్కో చోటి నుంచి వచ్చిన వస్తువులో ఏది చెడితే ఎవరి వాకిట్లో నిలబడాలో ముందే తెలుసుకోవడం మంచిది.

అసలు కొలిచేది ఎంత?

మెదడులో వేలాది న్యూరాన్లు ఒక్కసారిగా పనిచేసినప్పుడు తల బయట పుట్టే అయస్కాంత క్షేత్రం సుమారు 100 ఫెమ్టోటెస్లాలు. భూమి క్షేత్రం సుమారు 50 మైక్రోటెస్లాలు. రెండోది మొదటిదానికి 50 కోట్ల రెట్లు. ఈ అంకె ఒక్కటి గుర్తుంచుకుంటే తర్వాత వచ్చే ఇబ్బందులన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

పాత తరం మెగ్ యంత్రాల్లో స్క్విడ్ అనే సూపర్‌కండక్టర్ సెన్సార్లు ఉంటాయి. అవి ద్రవ హీలియంలో, మైనస్ 269 డిగ్రీల దగ్గర మునిగి ఉండాలి. అంత చల్లటిదానికీ మనిషి నెత్తికీ మధ్య వాక్యూమ్ గోడ తప్పదు కాబట్టి సెన్సారు తలకు 2 నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ఆగిపోతుంది. హెల్మెట్ ఒకటే సైజు, అది కూడా పెద్దవాళ్ల తలకు సరిపోయేది. రెండేళ్ల పిల్లవాడి తల అందులో పెడితే చుట్టూ ఖాళీయే ఎక్కువ. తల కదిపితే రికార్డింగు పాడవుతుంది. మెగిన్ వాళ్ల 306 ఛానళ్ల యంత్రం, సీటీఎఫ్ వాళ్ల 275 ఛానళ్ల యంత్రం ఈ కోవలో ప్రసిద్ధమైనవి. మెగిన్ మూలం కూడా విశ్వవిద్యాలయమే: హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు అతిశీతల ప్రయోగశాల (లో-టెంపరేచర్ ల్యాబ్) నుంచి 1989లో న్యూరోమాగ్‌గా బయటికొచ్చిన కంపెనీ అది. కాబట్టి ఈ రంగంలో యూనివర్సిటీ ల్యాబూ కంపెనీ కలిసి నడవడం కొత్తేమీ కాదు, మారింది సెన్సారు.

ఓపీఎం అంటే కాంతి సాయంతో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సారు. అందులో 3 మిల్లీమీటర్ల గాజు గది ఉంటుంది, దాని లోపల రుబీడియం అనే లోహపు ఆవిరి. దాన్ని సుమారు 150 డిగ్రీలకు వేడి చేసి, 795 నానోమీటర్ల లేజరు కాంతి పంపిస్తారు. పరమాణువులన్నీ ఒకే దిశకు తిరిగి కాంతిని పీల్చుకోవడం మానేస్తాయి, అవతలి వైపున్న ఫొటోడయోడ్ మీద వెలుతురు నిండుగా పడుతుంది. బయటి క్షేత్రం తగిలితే పరమాణువుల దిశ చెదిరి కాంతి తగ్గుతుంది. ఆ తగ్గుదలే కొలత. హీలియం అక్కర్లేదు. గాజు గది కేంద్రం నుంచి సెన్సారు బయటి అంచుకు 6.5 మిల్లీమీటర్లే, పైగా బయటి అంచు తాకితే వెచ్చగా ఉంటుంది తప్ప కాలదు.

దగ్గరితనం వల్ల వచ్చే లాభం చిన్న లెక్కతో తేలిపోతుంది. మెదడులో సిగ్నల్ పుట్టిన చోటు నెత్తికి 15 మిల్లీమీటర్ల లోతులో ఉందనుకుందాం. ఓపీఎంకు మొత్తం దూరం 21.5 మిల్లీమీటర్లు. 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న స్క్విడ్‌కు 40. క్షేత్రం సుమారుగా దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతుంది కాబట్టి ఓపీఎం దగ్గర సిగ్నల్ దాదాపు మూడున్నర రెట్లు. అంతా బాగానే ఉంది కానీ ఇదే లెక్క రెండో వైపు కూడా కోస్తుంది. ఒత్తైన జుట్టు, బిగించి అల్లిన జడ, తలకు పట్టని సైజు హెల్మెట్ వల్ల 5 మిల్లీమీటర్ల ఎడం వచ్చిందా, సిగ్నల్‌లో మూడో వంతు అక్కడే పోయింది. స్క్విడ్‌లో అదే 5 మిల్లీమీటర్లు పోగొట్టేది ఐదో వంతే. జడ విప్పి జుట్టును సెన్సార్ల మధ్య ఖాళీల్లోకి పరచడం, వయసుకు తగ్గ హెల్మెట్ ఎంచుకోవడం వంటివి చిల్లర పనుల్లా కనిపిస్తాయి. డేటా నాణ్యతలో సగం అక్కడే తేలుతుంది.

ఇక సెన్సారు సొంత రొద (నాయిస్). స్క్విడ్ రొద హెర్ట్జ్ వర్గమూలానికి 3 ఫెమ్టోటెస్లాల దరిదాపుల్లో ఉంటే, ఈ ఓపీఎంలలో రెండు అక్షాలు కొలిచేవాటిది 7 నుంచి 10, మూడు అక్షాలూ కొలిచేవాటిది 13 నుంచి 15. కాంతి కిరణాన్ని రెండుగా చీల్చడం వల్ల మూడు అక్షాల సెన్సారులో రొద పెరుగుతుంది. 100 హెర్ట్జ్ వెడల్పులో చూస్తే 10 కాస్తా 100 ఫెమ్టోటెస్లాలవుతుంది, అంటే మెదడు సిగ్నల్ ఎంతో రొద అంత. దాన్ని పదో వంతుకు దించాలంటే అదే ఉద్దీపన 100 సార్లు ఇచ్చి సగటు తీయాలి. 20 సార్లతో సరిపెట్టే ప్రయోగాలు దీనిమీద నిలబడవు. పెద్దవాళ్లలో నికరంగా చూస్తే ఓపీఎం ఫలితం మంచి స్క్విడ్ యంత్రానికి సమానంగా వస్తుంది, అదేదో ఐదింతలు మేలని చెప్పే ప్రచారాన్ని పట్టించుకోనక్కర్లేదు. అసలు తేడా కనబడేది పిల్లల తలల దగ్గర, కదలికల దగ్గర.

గది: పూర్తి వ్యవహారం ఇక్కడుంది

ఈ సెన్సారు పనిచేసేది సున్నా క్షేత్రానికి అటూ ఇటూ 5 నానోటెస్లాల లోపల. అందులోనూ కొలత నమ్మదగ్గది ఒకటిన్నర నానోటెస్లాల దాకానే, అది దాటితే గెయిన్ (ఇంత క్షేత్రానికి ఇంత అని సెన్సారు చూపించే నిష్పత్తి) తగ్గుతూ పోతుంది. సెన్సారు లోపలి చిన్న కాయిళ్లు 50 నానోటెస్లాల దాకా స్థిరమైన క్షేత్రాన్ని రద్దు చేయగలవు. కానీ తల తిరిగితే ఆ రద్దు తప్పిపోతుంది, ఎందుకంటే గది క్షేత్రం తిరగదు, సెన్సారు తిరుగుతుంది.

పాత స్క్విడ్ గదుల్లో మిగిలిపోయే క్షేత్రం తరచుగా 20, 30 నానోటెస్లాలు ఉంటుంది. స్క్విడ్‌కు దాంతో పేచీ లేదు, మార్పును మాత్రమే చూస్తుంది కనుక. అదే గదిలో ఓపీఎం హెల్మెట్ పెట్టి తల 5 డిగ్రీలు తిప్పితే 20 నానోటెస్లాల్లో 1.7 మారిపోతుంది. నమ్మకపు హద్దు అక్కడితో అయిపోయింది. 15 డిగ్రీలు తిప్పితే సెన్సారు పూర్తిగా చేతులెత్తేస్తుంది. "మా దగ్గర పాత మెగ్ గది ఉంది, హెల్మెట్ ఒక్కటి కొంటే చాలు" అనుకునే సంస్థలు ముందుగా ఆ గది మధ్యలో ఫ్లక్స్‌గేట్ అనే క్షేత్రం కొలిచే పరికరం పెట్టి ఒక అంకె రాసుకోవాలి. అది 20 దాటితే హెల్మెట్ కొన్నా మనిషిని పాత యంత్రంలోలాగే కదలకుండా కూర్చోబెట్టాల్సి వస్తుంది.

ఓపీఎం కోసమే కట్టే గదిలో మ్యూ-మెటల్ పొరలు నాలుగు, రాగి పొర ఒకటి ఉంటాయి. నెమ్మదిగా మారే క్షేత్రాలను మ్యూ-మెటల్ పక్కదారి పట్టిస్తుంది, 50 హెర్ట్జ్ కరెంటు లాంటి వేగమైన వాటిని రాగి అడ్డుకుంటుంది. పొరల చుట్టూ డీగాసింగ్ కాయిళ్లు చుట్టి ఉంటాయి. వాటిలోకి ఏసీ కరెంటు పెద్దగా మొదలుపెట్టి మెల్లగా సున్నాకు దించితే లోహంలో గడ్డకట్టిన అయస్కాంతత్వం చెదిరిపోయి, లోపల ఒకటి రెండు నానోటెస్లాలు మిగులుతాయి. దీన్ని తలుపు మూసి చేయాలి. తెరిచి చేస్తే తలుపు దగ్గర పొర అతకదు కాబట్టి ఫలితం సగమే, మళ్లీ తలుపు మూసిన క్షణంలో క్షేత్రం మారుతుంది. రోజుకోసారి చేస్తే చాలని అనిపించినా, బరువైన తలుపు పదిసార్లు తీసి వేసిన రోజున మధ్యలో ఇంకోసారి చేయడం మేలు.

ఈ మందపాటి గది బరువూ వెలా ఎక్కువ, నిలబెట్టే చోటు దొరకడం కష్టం. అందుకే నాటింగ్‌హామ్ వాళ్లు 2022లో తేలికపాటి గది డిజైను ప్రచురించారు. మామూలు ఓపీఎం గదితో పోలిస్తే బరువు 30 శాతం తక్కువ, బయటి కొలతలు 40 నుంచి 60 శాతం తక్కువ. పొరలు తగ్గించిన లోటును గోడలకే బిగించిన దీర్ఘచతురస్రపు కాయిళ్లతో పూడ్చారు. వాటిని వాళ్లు విండో కాయిళ్లంటారు. మధ్యనున్న ఒక ఘనపు మీటరులో మిగిలిన క్షేత్రం 670 పికోటెస్లాలు, అంటే 0.67 నానోటెస్లాలు. దీని అర్థం మీద ఒక్క నిమిషం ఆగాలి. 0.67లో సెన్సారును పూర్తిగా వెనక్కి తిప్పినా మారేది అటు 0.67, ఇటు 0.67 కలిపి 1.34. ఒకటిన్నర హద్దు లోపలే. మనిషి కూర్చుని ఎటు తిరిగినా సెన్సారు బతికి ఉంటుందన్నమాట. అంతకుముందు వాడిన జంట పలకల కాయిళ్లు మనిషికి రెండు వైపులా గోడల్లా నిలబడేవి, 40 సెంటీమీటర్ల ఘనంలో మాత్రమే క్షేత్రాన్ని చంపేవి. పిల్లలకు ఆ పలకల మధ్య కూర్చోవడమే ఇబ్బంది. విండో కాయిళ్లు ఈ మొత్తం ప్యాకేజీలో మెచ్చుకోదగ్గ మొదటి విషయం. కొటేషన్‌లో అవి ఉన్నాయో, పాత పలకలు ఉన్నాయో చూసుకోవాలి.

సెన్సారు బతికి ఉన్నంత మాత్రాన డేటా శుభ్రంగా ఉన్నట్టు కాదు. 1.34 నానోటెస్లాలంటే 100 ఫెమ్టోటెస్లాల సిగ్నల్‌కు 13,400 రెట్లు. తల ఊపడం సెకనుకు ఒకటి రెండు సార్లు జరుగుతుంది కాబట్టి ఆ చెత్తంతా 4 హెర్ట్జ్ కింద పేరుకుంటుంది. అంతకన్నా వేగంగా ఉండే బీటా, ఆల్ఫా మెదడు లయల మీద పనిచేసేవాళ్లు ఫిల్టరుతో తప్పించుకుంటారు. నెమ్మదైన డెల్టా తరంగాలు, నిద్ర, నెమ్మది మూర్ఛ తరంగాలు చూడాలనుకునేవాళ్లు తల కదలికను కెమెరాలతో విడిగా రికార్డు చేసుకుని దాని వాటాను తీసివేయాల్సిందే. కదలికలు తట్టుకుంటుందన్న వాక్యాన్ని ఈ షరతుతో కలిపి చదవాలి.

మ్యూ-మెటల్ విషయంలో మేస్త్రీలకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. ఇది ఎనీలింగ్ చేసిన (బాగా కాల్చి మెల్లగా చల్లార్చిన) నికెల్-ఇనుము మిశ్రమం. సుత్తి దెబ్బ తగిలినా, బోల్టు బలంగా బిగించినా, పలక వంగినా ఆ చోట దాని గుణం పోతుంది. గది కట్టిన తర్వాత ఏసీ గొట్టం కోసం డ్రిల్లు పట్టుకుని ఎవరూ దగ్గరికి రాకూడదు. లోపల ఇనుప స్క్రూడ్రైవరు మరిచిపోయినా క్షేత్రం దాన్ని పట్టిస్తుంది.

చోటు ఎంపికలో లిఫ్టు, కార్ పార్కింగ్, పక్క గదిలోని ఎంఆర్ఐ మామూలు అనుమానితులు. వీటికన్నా పెద్ద శత్రువు డీసీ కరెంటుతో నడిచే రైలు. ఏసీ కరెంటుతో నడిచే రైలు చేసే అల్లరి 50 హెర్ట్జ్ చుట్టూ ఉంటుంది, రాగి పొర, ఫిల్టరు దాని సంగతి చూసుకుంటాయి. డీసీ రైలు స్టేషన్ వదిలిన ప్రతిసారీ కరెంటు మెల్లగా పెరిగి తగ్గుతుంది, ఆ నెమ్మది ఊగిసలాట మ్యూ-మెటల్ నుంచి కొంత లోపలికి వస్తుంది, సరిగ్గా సెన్సారుకు ఇష్టం లేని చోటికి. నాటింగ్‌హామ్ ట్రాము 750 వోల్టుల డీసీ, యూనివర్సిటీ పక్క నుంచే వెళ్తుంది. వాళ్ల గదులు అంత మందంగా, కాయిళ్లు అంత జాగ్రత్తగా ఎందుకున్నాయో ఊహించవచ్చు. మన దగ్గర హైదరాబాద్ మెట్రో పైతీగ మీద 25 కిలోవోల్టుల ఏసీ, బెంగళూరు మెట్రో మూడో పట్టా మీద 750 వోల్టుల డీసీ. మెగ్ దృష్టిలో రెండు ఊళ్లూ ఒకటి కావు. ఎక్కడైనా సరే, సర్వే ఒక మధ్యాహ్నం పూట చేసి వదిలేయకూడదు. ఫ్లక్స్‌గేట్ 24 గంటలు పెట్టి, మొదటి రైలు నుంచి ఆఖరి రైలు దాకా గీత చూడాలి. నేల అదురు కూడా కొలవాలి. మిగిలిన క్షేత్రంలో గోడలు, కుర్చీ, హెల్మెట్ సన్నగా వణికితే అదే ఆల్ఫా, బీటా ప్రాంతంలో దొంగ శిఖరాలుగా కనబడుతుంది.

ఒక సెషన్ ఎలా నడుస్తుంది

ముందు డీగాసింగ్, ఆ వెంటనే మనిషి లేకుండా ఖాళీ గది రికార్డింగు ఐదు నిమిషాలు. ఇది విసుగనిపించినా మానకూడదు. ఏ సెన్సారు రొద పెరిగిందో, ఏ లేజరు జారిపోతోందో తెలిసేది ఇందులోనే. తర్వాత లోహం తనిఖీ. విదేశీ చెక్‌లిస్టుల్లో జిప్పు, బ్రా హుక్కు, పళ్ల క్లిప్పులు, బెల్టు ఉంటాయి. మన ఆడవాళ్ల విషయంలో పిన్నీసులు విడిగా అడగాలి: చీర కుచ్చిళ్ల దగ్గర ఒకటి, పైట దగ్గర ఒకటి, మంగళసూత్రానికి వేలాడుతూ రెండు మూడు. బంగారం, వెండి అయస్కాంతానికి అంటుకోవు, పిన్నీసు ఉక్కు అంటుకుంటుంది. ఊపిరి తీసిన ప్రతిసారీ అది కదిలి డేటాలో అల వేస్తుంది. ఐరన్ ఆక్సైడ్ కలిసిన మస్కారా, ఐలైనరు కూడా తుడిపించాలి, కన్నార్పిన ప్రతిసారీ గురుతు పడుతుంది. పరీక్ష సులభం: మనిషిని కూర్చోబెట్టి గట్టిగా ఊపిరి తీయమని, కళ్లు ఆర్పమని చెప్పి తెర మీద చూడటమే.

హెల్మెట్ తొడిగాక తలుపు మూసి సెన్సార్లను వెచ్చబెడతారు, లేజర్లు తమ స్థానంలో కుదురుకుంటాయి, లోపలి కాయిళ్లు సున్నా చేస్తాయి, తెలిసిన చిన్న క్షేత్రం వేసి గెయిన్ లెక్కిస్తాయి. అన్నీ బటన్ మీద నడిచే పనులే, కొద్ది నిమిషాలు పడుతుంది. ఈ కొద్ది నిమిషాలూ తల కదలకూడదు. ఎక్కువ సెషన్లు చెడేది ఇక్కడే. పిల్లవాడు తల తిప్పుతుండగా సున్నా చేస్తే సెన్సారు తప్పు చోట సున్నా అనుకుంటుంది, గెయిన్ తప్పుతుంది. పైగా ఒక్క నానోటెస్లా మిగిలినా సెన్సారు కొలిచే దిశ సుమారు 3 డిగ్రీలు ఒరిగిపోతుంది. హెల్మెట్ మీద దిశ ఒకటి, కొలిచింది ఇంకొకటి అయ్యాక మెదడులో చోటు వెతికే లెక్క ఎంత గొప్పదైనా తప్పు చోటే చూపిస్తుంది. కేలిబ్రేషన్ సమయంలో పిల్లలకు కార్టూన్ పెట్టడం, అసలు ప్రయోగంలో ఆడనివ్వడం సరైన వరస. చాలామంది దీన్ని తిరగేస్తారు.

64 సెన్సార్లు, ఒక్కోదానికి మూడు అక్షాలు, మొత్తం 192 ఛానళ్లు. ప్రతి సెన్సారులోనూ కొలత కోసం వేగంగా ఊగే చిన్న క్షేత్రం వేసే మాడ్యులేషన్ కాయిలు ఉంటుంది, దాని క్షేత్రం పక్క సెన్సారుకు తగులుతుంది. అన్నిటినీ ఒకే గడియారంతో నడిపితే అది స్థిరమైన చిన్న గెయిన్ తేడాగా మిగులుతుంది. ఒకటి రెండు పాత కంట్రోలర్లను వేరే గడియారం మీద కలిపి నడిపిస్తే రెండు ఫ్రీక్వెన్సీల తేడా దగ్గర ఒక పిచ్చి గీత వస్తుంది. పాత సెన్సార్లను కొత్తవాటితో కలిపి పొదుపు చేద్దామనుకునేవాళ్లు ఇది చూసుకోవాలి. 64 సెన్సార్ల వేడి లోపల పేరుకోకుండా హెల్మెట్‌ను జాలీగా చేశారు. ఫర్వాలేదు, కానీ ఎండాకాలంలో గది ఏసీ సరిగా లేకపోతే అరగంట దాటాక మనిషి నసుగుతాడు.

చివరి అడుగు చోట్లు కలపడం. త్రీడీ స్కానరుతో హెల్మెట్ ఉన్న తలను ఒకసారి, హెల్మెట్ తీసిన ముఖాన్ని ఒకసారి స్కాన్ చేసి, ఎంఆర్ఐలోని ముఖంతో సరిపోలుస్తారు. హెల్మెట్ డిజైను ఫైలులో ప్రతి సెన్సారు స్థానం, దిశ తెలుసు కాబట్టి మిగతాది లెక్కే. హెల్మెట్ గట్టిది కావడం ఇక్కడ కలిసొస్తుంది. ఈఈజీ (నెత్తి మీద విద్యుత్ సిగ్నల్ కొలిచే పద్ధతి) టోపీ లాంటి మెత్తటి టోపీలో సెన్సార్లు సుఖంగానే ఉంటాయి, ఎక్కడున్నాయో మాత్రం ప్రతిసారీ కొత్తగా కొలవాలి. సెషన్ మధ్యలో హెల్మెట్ జారిందా అన్నది తేలాలంటే స్కాన్ ముందూ వెనకా రెండుసార్లు చేయాలి.

డేటా శుభ్రం చేయడంలో మూడు అక్షాల సెన్సార్లు తమ అదనపు రొదకు పరిహారం చెల్లిస్తాయి. దూరం నుంచి వచ్చే అల్లరి హెల్మెట్ అంతటా దాదాపు ఒకేలా ఉంటుంది, మెదడు సిగ్నల్ అలా ఉండదు. ఆ ఒకేలా ఉన్న భాగాన్ని అంచనా వేసి తీసేసే పద్ధతి లండన్ బృందం 2021లో ప్రచురించిన హోమోజీనియస్ ఫీల్డ్ కరెక్షన్. సెన్సార్ల దిశలన్నీ రేడియల్‌గా (తల నుంచి నేరుగా బయటికి) ఉండి, సెన్సార్లు తక్కువ సంఖ్యలో ఉంటే ఇది మెదడు సిగ్నల్‌ను కూడా కొంత తినేస్తుంది. మూడు అక్షాలుంటే రెండూ బాగా విడిపోతాయి. కాబట్టి 30 సెన్సార్ల చవక ప్యాకేజీ తీసుకోవాల్సి వస్తే ఒక అక్షానివి కాకుండా మూడు అక్షాలవే తీసుకోవాలి.

ఎవరికి పనికొస్తుంది, ఎవరికి కాదు

రెండు మూడేళ్ల పిల్లల మెదడు ఎదుగుదల చూసేవాళ్లకు దీనికి సాటి వచ్చేది ప్రస్తుతం తక్కువ. నాటింగ్‌హామ్‌లోనూ, టొరంటోలోని సిక్‌కిడ్స్ ఆసుపత్రిలోనూ ఒకే రకం 192 ఛానళ్ల వ్యవస్థ పెట్టి, రెండేళ్ల పిల్లల నుంచి పెద్దవాళ్ల దాకా డేటా కలిపి ప్రచురించారు కూడా. ఈఈజీ ఇంతకన్నా ఎంతో చవక, గది అక్కర్లేదు, ఏ ఊళ్లోనైనా నడుస్తుంది. కానీ పుర్రె ఎముక విద్యుత్ సిగ్నల్‌ను పులిమేస్తుంది, కండరాల రొద ఎక్కువ, జెల్ పూయాలి. ప్రశ్న "ఎప్పుడు" అన్నదే అయితే ఈఈజీ చాలు. "ఎప్పుడు, ఎక్కడ" రెండూ కావాలంటే మెగ్.

మూర్ఛ శస్త్రచికిత్సకు ముందు చేసే పరీక్షల్లో స్పైకుల (మూర్ఛ జాడగా వచ్చే పదునైన సిగ్నళ్ల) చోటు పట్టడానికి ఓపీఎం బాగానే అక్కరకొస్తుంది. హై ఫ్రీక్వెన్సీ ఆసిలేషన్లు (అతివేగపు మెదడు లయలు) కావాలంటే రాదు. రుబీడియం సెన్సారు బ్యాండ్‌విడ్త్ 135 హెర్ట్జ్ దగ్గర తగ్గిపోతుంది, ఆ ఆసిలేషన్లలో ఎక్కువ భాగం అంతకు పైన ఉంటాయి. ఈ పరిమితి సాఫ్ట్‌వేరుతో తీరేది కాదు, భౌతికశాస్త్రంలోనే ఉంది. ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్‌లోని సీఈఏ-లెటి ప్రయోగశాల నుంచి పుట్టిన మాగ్4హెల్త్ కంపెనీ హీలియం-4 వాయువుతో చేసే సెన్సార్లు కిలోహెర్ట్జ్ దాటి కొలుస్తాయి, వేడి చేయనక్కర్లేదు, పెద్ద క్షేత్రాన్నీ తట్టుకుంటాయి. వాటి రొద మాత్రం కొన్ని రెట్లు ఎక్కువ. కొలరాడోలోని ఫీల్డ్‌లైన్ వాళ్లు రుబీడియం సెన్సార్లనే క్లోజ్డ్ లూప్‌లో నడిపి, తల కదిలినా సెన్సారు సున్నా దగ్గరే ఉండేలా చేస్తారు. గది అంత మంచిది కాని చోట ఆ దారి ఆలోచించదగ్గదే. సెర్కా బలం గది, కాయిలు, హెల్మెట్, లెక్క అన్నీ ఒకే ల్యాబ్‌లో ఒకదానికోసం ఒకటి పుట్టడంలో ఉంది. విడి భాగాలు కొని సొంతంగా కలుపుకునేవాళ్లకు ఆ బలం దక్కదు.

మన దేశంలో బెంగళూరు నిమ్హాన్స్‌లో, మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీలో స్క్విడ్ మెగ్‌లు ఉన్నాయి. హీలియం మనకు దిగుమతి సరుకు, సరఫరా బిగుసుకుంటే వాటి పరిస్థితి నడిపేవాళ్లకే తెలుస్తుంది. ఆ ఖర్చు లేకపోవడం ఓపీఎం వైపు గట్టి వాదనే. కానీ హీలియం బిల్లు పోయిన చోట కస్టమ్స్ దాటి అమెరికా వెళ్లి రావాల్సిన సెన్సార్ల మరమ్మతు వచ్చి కూర్చుంటుంది. సెన్సారులోని గాజు గదినీ లేజరునూ ఇక్కడ ఎవరూ విప్పి బాగుచేయరు.

ఒప్పందం రాసేటప్పుడు అడగాల్సినవి అక్కడి నుంచే వస్తాయి. చెడిన సెన్సారు వెళ్లి వచ్చేదాకా బదులు ఎవరిస్తారు? 64 వాడే చోట కనీసం నాలుగు స్పేర్లు ధరలో కలపమనాలి. గది లోపలి క్షేత్రం ఎంత ఉంటే అప్పగింత అయినట్టు? "అద్భుతమైన షీల్డింగ్" అన్న మాట కాకుండా, మధ్య ఘనపు మీటరులో ఇన్ని పికోటెస్లాలు, తలుపు ఇన్నిసార్లు తీసి వేశాక, రైళ్లు నడిచే వేళలో అని రాయించాలి. ముడి డేటా ఫార్మాటు పత్రాలతో సహా చేతికి రావాలి, బిడ్స్ అనే, ల్యాబులన్నీ మెదడు డేటాను ఒకేలా అమర్చుకునే పద్ధతిలోకి మార్చే దారి ఉండాలి. హెల్మెట్ డిజైను ఫైళ్లు కూడా అంతే. అవి లేకపోతే సెన్సారు దిశలు తెలియవు, వేరే సాఫ్ట్‌వేరులో విశ్లేషణ సాగదు. సాఫ్ట్‌వేరు అప్‌డేట్ల మీద పరిశోధకులకు వీటో ఉండాలి. ఐదేళ్లపాటు అవే పిల్లల్ని కొలిచే అధ్యయనం మధ్యలో గెయిన్ లెక్కించే పద్ధతి మారితే, మారింది పిల్లల మెదడో సాఫ్ట్‌వేరో చెప్పడం ఎవరివల్లా కాదు.

విశ్వవిద్యాలయం, కంపెనీ కలిసి చేసిన వస్తువుల్లో ఇంకో మెలిక ఉంటుంది. పద్ధతి కనిపెట్టినవాళ్లే కంపెనీలో వాటాదారులు, దాని మీద పత్రాలు రాసేదీ వాళ్లే. ఈ బృందం ఆ ప్రయోజనాల సంగతి తమ పత్రాల్లోనే ప్రకటిస్తుంది, దాచదు. అయినా కొనేవాళ్లు, సంబంధం లేని ల్యాబులు అదే యంత్రంతో ఏం తేల్చాయో విడిగా చదవాలి. వీలైతే తమ సొంత ప్రయోగాన్నే అక్కడి యంత్రం మీద నడిపించుకుని చూడాలి. మణికట్టు నరానికి చిన్న కరెంటు తగిలిస్తే 20 మిల్లీసెకన్లకు మెదడులో వచ్చే స్పందన అందుకు మంచి పరీక్ష: చోటు ముందే తెలుసు, సమయం ముందే తెలుసు. 135 హెర్ట్జ్ సెన్సారు తనవంతుగా ఒక మిల్లీసెకనుకు పైగా ఆలస్యం కలుపుతుంది, అది తీసేశాక అంకె 20 దగ్గర లేకపోతే ట్రిగ్గర్ కేబులును (ఉద్దీపన ఇచ్చిన క్షణాన్ని యంత్రానికి చెప్పేదాన్ని) అనుమానించాలి. తెర మీద బొమ్మలు చూపించే ప్రయోగమైతే తెర మూలకు ఫొటోడయోడ్ అంటించి, ప్రొజెక్టరు ఆలస్యాన్ని విడిగా కొలవాలి.

దీన్ని పరిశోధన పరికరంగా కొన్నారా, వైద్య పరికరంగా కొన్నారా అన్నది కూడా బిల్లులోనే తేలాలి. పరిశోధన పరికరంగా వచ్చినదాని రిపోర్టును రోగి ఫైలులో పెట్టి, సర్జన్ దాని మీద కత్తి పట్టుకోకూడదు. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే పత్రంలో ఈ ముక్క స్పష్టంగా ఉండాలి, తల్లిదండ్రులు సంతకం పెట్టే తెలుగు కాగితంలో కూడా.